బారెడు అల, బెత్తెడు అల

(జాతీయ విజ్ఞాన దినోత్సవం రోజున కాకినాడలో డిగ్రీ విద్యార్థుల ముందు, టెలికాం శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగానికి రాతరూపం. సభలో వచ్చిన ప్రశ్నల్లో ఒకటి చివర ఉంది.)

నమస్కారం. కూర్చోండి, కూర్చోండి.

ఇందాక నేను ఈ మైకు అందుకుంటుంటే ముందు వరసలో ఎవరో అన్నారు, "వైర్‌లెస్ మీద ఉపన్యాసం, చేతిలోనేమో వైరున్న మైకు" అని. (నవ్వులు) వినపడింది నాయనా, చెవులింకా బాగానే పనిచేస్తున్నాయి. కాలర్ మైకు ఇస్తామన్నారు, నేనే వద్దన్నాను. ఆ కాలర్ మైకు నుంచి ఆ మూలనున్న పెట్టె దాకా మాట గాలిలో పోయేది పది మీటర్లు. అక్కణ్నుంచి ఆంప్లిఫయరుకీ, స్పీకర్లకీ మళ్లీ వైరే. మీ సెల్‌ఫోన్ కథా అంతే. అమెరికాలో ఉన్న అన్నయ్యతో మాట్లాడుతున్నప్పుడు మీ మాట గాలిలో నడిచేది వీధి చివరి టవరు దాకా. ఆ తర్వాత దాదాపు అంతా నేల కింద, సముద్రం అడుగున, గాజు తీగలో. అవతలి కొసన మళ్లీ కాస్త గాలి. అందుకే ఎవరైనా నన్ను "మీరు వైర్‌లెస్ మనిషి కదండీ" అంటే నవ్వొస్తుంది. నా ఉద్యోగంలో సగం గోతులు తవ్వించడంతోనే సరిపోయింది.

వైర్‌లెస్‌లో రకాలు చెప్పమన్నారు. బ్లూటూత్, వైఫై, జీపీఎస్ అని అప్పజెప్పుకుంటూ పోవచ్చు. అది మీ పుస్తకంలో ఉంది, నా గొంతు ఎందుకు అరగదీసుకోవాలి? నేను కొలతతో మొదలుపెడతాను.

మన పెద్దవాళ్లు టేపు లేకుండా కొలిచేవారు. రెండు చేతులూ ఇలా బార్లా చాపితే బారెడు, ఇంచుమించు రెండు మీటర్లు. మోచేతి నుంచి వేలి కొస దాకా మూరెడు. పూలు ఇప్పటికీ ఆ లెక్కనే కదా అమ్ముతారు, ఏ చెయ్యి పొట్టిదైన ఆవిడ దగ్గర కొంటే ఎంత నష్టమో మీ అమ్మగారిని అడగండి. బొటనవేలు, చిటికెనవేలు సాగదీస్తే జానెడు. నాలుగు వేళ్లు దగ్గరగా పెడితే బెత్తెడు. ఆ తర్వాత అంగుళం. వైర్‌లెస్ రకాలన్నీ ఈ చేతి మీదే ఉన్నాయి.

ఎలాగంటారా? ఈ రోజు రామన్ గారిని తలుచుకునే రోజు. ఆయన చిన్నతనం మన పక్కన విశాఖపట్నంలోనే గడిచింది. ఆయన పట్టుకున్నది కంటికి కనపడే వెలుగు. నేను చెప్పబోయేది కంటికి కనపడని వెలుగు. రెండూ ఒకటే పదార్థం, ఒకటే వేగం, సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు. తేడా అల పొడుగులోనే, అంటే ఒక అల తల నుంచి తర్వాతి అల తల దాకా ఉండే దూరంలో. ఇలాంటి అలలు ఉండి తీరాలని 1860లలో మాక్స్‌వెల్ కాగితం మీద లెక్క కట్టాడు. 1880లలో జర్మనీలో హెర్ట్జ్ వాటిని పుట్టించి చూపించాడు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ దూరాన ఉండి గంట మోగించాడు, తుపాకిమందు అంటించాడు, మధ్యలో తీగ లేకుండా. ఆయన పని చేసిన అలల్లో కొన్ని అయిదు మిల్లీమీటర్లవి, అంటే మీ సోనా మసూరి బియ్యపు గింజంత. ఆ గింజంత అల దగ్గరకి మళ్లీ వస్తాం.

ఒక్క లెక్క రాసుకోండి. సెకనుకి ఎన్ని అలలు పోతాయో చెప్పేది హెర్ట్జ్. వెయ్యి అయితే కిలోహెర్ట్జ్, పది లక్షలైతే మెగాహెర్ట్జ్. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అల పొడుగు మీటర్లలో వస్తుంది. అంతే. ఇంకే ఫార్ములా అడగను.

ఇప్పుడు ఆకాశవాణి విజయవాడ తీసుకోండి. 837 కిలోహెర్ట్జ్, అంటే 0.837 మెగాహెర్ట్జ్. 300ని దాంతో భాగించండి. 358 మీటర్లు! ఒక్క అల మూడు ఫుట్‌బాల్ గ్రౌండ్ల పొడుగు. మా రోజుల్లో అనౌన్సరు పొద్దున్నే మీటర్లూ చెప్పేవారు, కిలోహెర్ట్జూ చెప్పేవారు. రేడియో ముఖాన ముల్లు తిరిగే అద్దం మీద కూడా 25, 31, 41 అని మీటర్లే ఉండేవి. అంటే అల పొడుగు మా తరానికి వంటింట్లో వస్తువు. మీ తరానికి ఆ అంకె కనపడకుండా దాచేశారు.

ఇంత పొడుగు అలకి ఇల్లు, చెట్టు, చిన్న గుట్ట లెక్కలోకే రావు. నేలను పట్టుకుని పాకుతూ పోతుంది. చిత్రం ఎక్కడంటే రాత్రి. పగలు ఆకాశంలో అరవై, తొంభై కిలోమీటర్ల ఎత్తు మధ్య ఒక పొర ఎండకి తయారై ఈ అలని, దీన్నే మీడియం వేవ్ అంటారు, మింగేస్తుంది. పొద్దుగూకగానే ఆ పొర చెదిరిపోతుంది. పైనున్న ఇంకో పొర అద్దంలా పనిచేసి అలను కిందకి తిప్పి కొడుతుంది. అందుకే పగలు వినపడని స్టేషన్లు రాత్రి తొమ్మిదింటికి ఒకదాని మీద ఒకటి ఎక్కి మాట్లాడతాయి. మా నాన్నగారు దాన్ని "రాత్రి పూట గాలి పల్చబడుతుంది" అనేవారు. కారణం తప్పే అయినా గమనించింది మాత్రం సరైనదే.

షార్ట్‌వేవ్, అంటే ఇందాకటి 25, 31, 41 మీటర్ల అలలు, ఆ అద్దం మీదే బతుకుతుంది. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్న వాళ్లు ఈ హాల్లో నాతో కలిపి ఇద్దరో ముగ్గురో ఉంటారు. సముద్రం అవతలి నుంచి పాట ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, ఊయలలో కూర్చున్నట్టు వచ్చేది. పైపొర కదులుతూ ఉండటం వల్ల ఆ ఊపు. మాకది పాటలో భాగమనిపించేది.

హ్యామ్ రేడియో వాళ్లది, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి సొంత సెట్టు మీద మాట్లాడుకునే వాళ్లది కూడా ఈ దారే. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు, అండమాన్‌లో భారతీ ప్రసాద్ అనే హ్యామ్ ఆపరేటర్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. ప్రపంచంలోని హ్యామ్‌లతో సరదాగా మాట్లాడటానికి పెట్టుకున్న కార్యక్రమం అది. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వాళ్లూ అందులో ఉన్నారు. ఫోన్లు పోయాయి. ఆవిడ దగ్గరున్న సెట్టు, ఒక యాంటెనా మిగిలాయి. ఇరవై మీటర్ల అలల మీద ద్వీపాల నుంచి ప్రధాన భూభాగానికి కబుర్లు వెళ్లాయి. ఎవరు బతికున్నారు, ఎవరికి ఏం కావాలి అని. మధ్యలో టవరు లేదు, ఎక్స్చేంజీ లేదు, బిల్లు కట్టాల్సిన కంపెనీ లేదు. ఆకాశమే ఎక్స్చేంజి. విశాఖపట్నం పిల్లలు ఎవరైనా ఉంటే 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపాను గుర్తు తెచ్చుకోండి. ఒక్క పూటలో చేతిలో ఫోన్లన్నీ బొమ్మలైపోయాయి. టవరుకి కరెంటు లేదు, జనరేటరుకి డీజిలు లేదు. ఫోన్లో అయిదు గీతలున్న రోజున ఎవరూ దీని గురించి ఆలోచించరు.

సరే, పొడుగు తగ్గిద్దాం. ఎఫ్ఎం 100 మెగాహెర్ట్జ్ దగ్గర, మూడు మీటర్లు. యాంటెనా అందులో నాలుగో వంతున్నా చాలు, అంటే 75 సెంటీమీటర్లు. పాత ట్రాన్సిస్టరుకి లాగే కడ్డీ ఆ లెక్కదే. మీ అన్నయ్యల ఫోన్లలో ఇయర్‌ఫోన్ పెడితేనే ఎఫ్ఎం ఎందుకు పలికేది? ఆ తీగే యాంటెనా కాబట్టి. ఇక పోలీసుల వైర్‌లెస్ సెట్టు, సముద్రం మీద బోట్లలో ఉండే వీహెచ్ఎఫ్ సెట్టు, ఇవి రెండు మీటర్ల అటూ ఇటూ. అచ్చంగా బారెడు.

ఇక్కడికి వచ్చేసరికి ఆకాశపు అద్దం పనిచేయదు. అల దాన్ని చీల్చుకుని పైకి పోతుంది. నేల మీద కూడా తిన్నగానే పోతుంది. భూమేమో గుండ్రం. అందుకని ఎవరి యాంటెనా ఎంత ఎత్తున ఉంటే వాళ్ల మాట అంత దూరం.

నేను మొదట చేరింది మైక్రోవేవ్ రిపీటర్ స్టేషన్లో, అంటే ఒక వైపు నుంచి వచ్చిన సిగ్నలుకి బలమిచ్చి రెండో వైపు పంపే చోట. కొండ మీద టవరు, టవరుకి రెండు వైపులా డ్రమ్ముల్లాంటి యాంటెనాలు. ఒక టవరు నుంచి ఇంకో టవరుకి నలభై కిలోమీటర్లు, దాన్ని మేము హాప్ అనేవాళ్లం. ఆ నలభై కిలోమీటర్ల మధ్యలో భూమి ముప్పై మీటర్ల దాకా ఉబ్బి ఉంటుందంటే నమ్ముతారా? అరటికాయ వంపులాగ. ఆ ఉబ్బు మీద మళ్లీ కొబ్బరిచెట్లు. వాటిని దాటాలి కాబట్టే టవరు అంత ఎత్తు. అల అయిదు సెంటీమీటర్లు, బెత్తెడికి తక్కువ. మంచుకాలం తెల్లవారుజామున నాలుగింటికి ఉన్నట్టుండి సిగ్నలు పడిపోయేది. నేల చల్లబడి, పైగాలి వెచ్చగా ఉండి, అల దారి తప్పి వంగిపోతుంది. మేమేం చేసేవాళ్లం? ఏమీ లేదు. టీ పెట్టుకుని సూర్యుడి కోసం చూసేవాళ్లం. ఎండ పడ్డాక దానంతటదే వచ్చేది. పై అధికారికి రాసే రిపోర్టులో మాత్రం "సరిచేయబడినది" అని రాసేవాళ్లం. (నవ్వులు)

ఇప్పుడు సెల్‌ఫోన్. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న. కలకత్తా నుంచి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో ఫోన్ వస్తే ఎత్తినందుకు కూడా డబ్బులు పోయేవి. 2003లో ఆ ఖర్చు తీసేశాకే మిస్డ్ కాల్ అనే మన జాతీయ కళ పూర్తిగా వికసించింది. మా పొలంలో మోటారు స్టార్టర్ డబ్బాలో ఒక సిమ్ కార్డు ఉంది. మా తమ్ముడు ఇంట్లో మంచం మీంచి దానికి రింగిస్తాడు, మోటారు ఆడుతుంది. అర్ధరాత్రి త్రీఫేజ్ కరెంటొచ్చినప్పుడు గట్టు మీద పాములు తొక్కుకుంటూ పోయే పని తప్పింది. నా మటుకు నాకు సెల్‌ఫోన్ చేసిన పెద్ద ఉపకారం అదే.

సెల్ అంటే గడి. దాని కిటుకంతా ఈ గడిలోనే ఉంది. ఊరి మధ్యలో ఒకే పెద్ద టవరు పెట్టి గట్టిగా అరిస్తే, ఆ అరుపు మీద ఒకరే మాట్లాడగలరు. అదే ఊరిని గళ్లుగా కోసి, గడికో చిన్న టవరు పెట్టి, మెల్లగా మాట్లాడమంటే? ఈ గడిలో వాడిన అలనే నాలుగు గళ్ల అవతల మళ్లీ వాడుకోవచ్చు. అందుకే టవర్లు పెరిగే కొద్దీ ఫోను మెల్లగా మాట్లాడుతుంది. టవరు దగ్గరుంటే గుసగుస, దూరంగా ఉంటే కేక. రైల్లో వెళ్తుంటే బ్యాటరీ గబగబా ఎందుకు అయిపోతుందో ఇప్పుడు తెలిసిందా? దారి పొడుగునా పాపం అది కేకలేస్తూనే ఉంటుంది.

టూజీలో ఇంకో తమాషా. ఒకే అల మీద ఎనిమిది మంది వంతులేసుకుని మాట్లాడతారు. ఒక్కో వంతు సెకనులో వెయ్యో వంతుకి సగం కన్నా కాస్త ఎక్కువ. దూరంగా ఉన్నవాడి మాట ఆలస్యంగా చేరి పక్కవాడి వంతులో పడకుండా, టవరు వాడికి "నువ్వు కొంచెం ముందుగా మొదలుపెట్టు" అని చెబుతుంది. ఎంత ముందుగా అనేదానికి ఒక హద్దు పెట్టారు. ఆ హద్దు సరిగ్గా 35 కిలోమీటర్ల దగ్గర తెగుతుంది. సిగ్నలు బ్రహ్మాండంగా ఉన్నా 36వ కిలోమీటరులో మాట కలవదు. ఈ అంకె గుర్తుంచుకోండి, సముద్రం మీద పనికొస్తుంది.

ఎస్సెమ్మెస్ గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది మన భాషకి సంబంధించింది. ఎస్సెమ్మెస్ సంచీలో 1,120 బిట్లు పడతాయి. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు, కాబట్టి 160 అక్షరాలు. తెలుగుకి ఒక్కో సంకేతానికి 16 బిట్లు, కాబట్టి 70. పైగా "లక్ష్మి" అని రాస్తే కంటికి రెండక్షరాలు, ఫోను లెక్కలో ఏడు. లకారం, కకారం, పొల్లు, షకారం, పొల్లు, మకారం, గుడి. మన ఒత్తులకి, గుణింతాలకి విడివిడిగా చార్జీ పడిందన్నమాట. ఒక తరం మొత్తం "ఎలా ఉన్నావ్" అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిందంటే, ఫోన్లో తెలుగు లేకపోవడం ఒక కారణం, ఈ సంచీ ఇరుకు ఇంకో కారణం. పిల్లలకి తెలుగంటే ప్రేమ లేదని తిట్టేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ చూడలేదు.

ఇక ఫైవ్‌జీ. మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. 3జీ, 4జీ నేను దాటేస్తున్నాను, మీరంతా వాటిలోనే పెరిగారు. ఫైవ్‌జీని అందరూ ఒకే వస్తువనుకుంటారు. ఆ పేరు కింద మన దేశంలో వేలం వేసిన వాటిలో ముఖ్యమైన పొడుగులు మూడు. 700 మెగాహెర్ట్జ్, లెక్క కట్టండి... ఆ, 43 సెంటీమీటర్లు. మూరెడు. 3.5 గిగాహెర్ట్జ్, అంటే 3,500 మెగాహెర్ట్జ్, దాదాపు తొమ్మిది సెంటీమీటర్లు, బెత్తెడికి కాస్త ఎక్కువ. 26 గిగాహెర్ట్జ్, అర అంగుళం కూడా లేదు. మూరెడు అల గోడలు దాటి ఊళ్లోకి పోతుంది, కానీ మోయగలిగిన సరుకు తక్కువ. అరంగుళం అల లారీలకి లారీలు మోస్తుంది, కానీ కిటికీ అద్దం దగ్గరే ఆగిపోతుంది, చెట్టు ఆకులు కూడా అడ్డమే. బెత్తెడుది మధ్యస్థం. అందుకే ఇద్దరి ఫోన్లలోనూ 5జీ అని ఉన్నా, ఒకరికి సినిమా క్షణంలో దిగుతుంది, ఇంకొకరికి తిరుగుతూనే ఉంటుంది. ఎవరి జేబులో ఏ పొడుగు ఉందో పైకి రాయరు. బోస్ గారి బియ్యపు గింజ కొలతకి మనం నూట పాతికేళ్ల తర్వాత ఇలా దగ్గరపడ్డాం.

ఇంతవరకూ చెప్పిన సెల్‌ఫోన్ అలలన్నీ పట్టా భూములు. కంపెనీలు వేలంలో వేల కోట్లు పోసి కొనుక్కున్నవి. కానీ గాలిలో పోరంబోకు కూడా ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక చెక్క. వేడిచేసే యంత్రాలకి, పరిశ్రమలకి, ప్రయోగాలకి ఎప్పుడో వదిలేశారు. మన దేశంలో 2005లో దాని మీద లైసెన్స్ తీసేశారు. పోరంబోకు అంటే ఏమవుతుందో మీకు తెలుసు. వైఫై వచ్చి పాక వేసింది, బ్లూటూత్ బడ్డీ కొట్టు పెట్టింది, వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ అయితే అంతకుముందు నుంచే పొయ్యి పెట్టుకుని కూర్చుంది. ఓవెన్ తిరుగుతుంటే హాల్లో వీడియో ఆగుతుందని మా కోడలు ఫిర్యాదు. అల పొడుగు ఇద్దరిదీ ఒకటే, పన్నెండు సెంటీమీటర్ల చిల్లర. ఓవెన్ది ఎనిమిది వందల వాట్లు, వైఫైది వాటులో పదో వంతు. తలుపు సందుల్లోంచి ఏ కాస్త కారినా రౌటరు గొంతు మూసుకుపోతుంది.

ఆ ఓవెన్ తలుపుని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? చిల్లుల రేకు ఉంటుంది. లోపలి గిన్నె మనకి కనిపిస్తుంది, అంటే వెలుగు బయటికి వస్తోంది. మరి ఆ పన్నెండు సెంటీమీటర్ల అల ఎందుకు రాదు? ఆ చిల్లు దానికి మిల్లీమీటరు సందు. గేదె పిల్లికన్నంలోంచి దూరదు కదా.

ఇదే సూత్రం 1975లో మన పల్లెల్లో పనిచేసింది. సైట్ అని ఒక ప్రయోగం. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ని ఏడాది పాటు అరువు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. పల్లెలో పెట్టిన డిష్ దేంతో చేశారో తెలుసా? కోళ్ల గూటికి కట్టే తీగ జాలీతో. అల ముప్పై అయిదు సెంటీమీటర్లది, జాలీ కన్నం వేలెడు. ఆ అలకి అది కన్నాలున్న జాలీ కాదు, నున్నటి అద్దం. ఖర్చు తక్కువ, బరువు తక్కువ, గాలికి ఎగిరిపోదు. ఇంజనీరింగ్ అంటే నాకు ఇప్పటికీ ఆ కోళ్ల జాలీయే గుర్తొస్తుంది.

వైఫై దగ్గరికి వద్దాం. రౌటరులో రెండు పేర్లు కనిపిస్తాయి, 2.4 అని, 5 అని. 5 అంటే వేగం ఎక్కువ అని అందరూ దాన్నే నొక్కుతారు. అది ఆరు సెంటీమీటర్ల అల. అదే గదిలో ఉంటే రాజు, రెండు ఇటుక గోడలు దాటితే బిచ్చగాడు. పన్నెండు సెంటీమీటర్లది గోడలను కాస్త ఓర్చుకుంటుంది. మన ఇళ్లలో రౌటర్ని ఎక్కడ పెడతారు? స్టీలు బీరువా వెనకాల, టీవీ వెనకాల, లేదా వాటర్ ఫిల్టరు పక్కన. ఇనుమూ నీళ్లూ రెండూ దాని శత్రువులే. మీరూ నీళ్ల సంచులే, గుర్తుంచుకోండి. పెళ్లింట్లో జనం నిండగానే వైఫై పడిపోవడానికి అదీ ఒక కారణం.

బ్లూటూత్ తొక్కుడు బిళ్ల ఆడుతుంది. పోరంబోకుని 79 గళ్లుగా గీసుకుని, సెకనుకి 1,600 సార్లు గడి మారుస్తుంది. ఏ గడి ఎప్పుడన్నది ఫోనుకీ, చెవిలో పెట్టుకునే దానికీ మాత్రమే తెలుసు. పెయిరింగ్ అంటే ఆ ఆట వరస ఒప్పుకోవడమే. ఒక గడిలో వైఫై కాలికి తగిలినా ఏం ఫరవాలేదు, మరుక్షణం ఇంకో గడిలో ఉంటుంది. ఇలా గెంతుతూ మాట దాచే ఆలోచనకి 1942లోనే అమెరికాలో ఒక పేటెంటు ఉంది, హెడీ లమార్ అనే సినిమా నటి, జార్జ్ ఆంథైల్ అనే సంగీతకారుడు తీసుకున్నది. టార్పెడోని శత్రువు దారి మళ్లించకుండా ఉండటానికి. ఇక పేరంటారా, పదో శతాబ్దంలో డెన్మార్క్ రాజు హరాల్డ్ బ్లూటూత్‌ది. ఆయన నీలిపన్ను మన చెవుల్లోకి వచ్చి కూర్చుంది.

టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ చూస్తారు కదా. అందులో బ్యాటరీ లేదు. మరి అది మాట్లాడేదెలా? చిన్నప్పుడు క్లాసులో అద్దం ముక్కతో ఎండని మాస్టారి మొహం మీద తిప్పేవాళ్లం. అద్దం తనంతట తాను వెలగదు, వచ్చిన వెలుగుని ఆడిస్తుంది. ఫాస్టాగ్ అదే అల్లరి. గేటు పైనున్న యాంటెనా 866 మెగాహెర్ట్జ్ దగ్గర అల పంపుతుంది. కాగితంలోని చిప్పు ఆ అల నుంచే శక్తి తీసుకుని, ఆ అలనే తిప్పి తిప్పి తన నంబరు చెబుతుంది. మెట్రో కార్డు సంగతి వేరు. 13.56 మెగాహెర్ట్జ్ అంటే అల 22 మీటర్లు రావాలి. కానీ అక్కడ అల ప్రయాణమే చేయదు. గేటులో ఒక తీగ చుట్ట, కార్డులో ఒక తీగ చుట్ట, రెండింటి మధ్య ట్రాన్స్‌ఫార్మరులో ఉన్నట్టు అయస్కాంత బంధం. నాలుగు వేళ్ల దూరం జరిగితే బంధం తెగుతుంది. అది లోపం కాదు, కావాలని పెట్టుకున్నది. పక్కనున్నవాడి జేబులోంచి చార్జీ తెగకూడదు కదా.

టీవీ రిమోట్ గురించి చెప్పడానికి ఏముంది, అది ఇంకా పొట్టి, వెలుగుకి అక్క లాంటిది. ఎర్రరంగుకి ఒక్క అడుగు అవతల. ఇంటికెళ్లి రిమోట్‌ని ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి నొక్కండి, చాలా ఫోన్లలో ఊదారంగు మిణుగురు కనిపిస్తుంది. రిమోట్ చెడిందో, బ్యాటరీ అయిపోయిందో అక్కడే తేలిపోతుంది.

వాన పడితే డిష్ టీవీ ఎందుకు పోతుంది? ఆ అల అంగుళం. వానచినుకు రెండు మూడు మిల్లీమీటర్లు. అంగుళం అలకి ఆ చినుకు గట్టిగానే తగులుతుంది, కొంత తాగేస్తుంది, కొంత చెదరగొడుతుంది. పాత కేబుల్ ఆపరేటర్ మేడ మీద ఎనిమిదడుగుల గొడుగు ఉండేది, దానిది బెత్తెడు అల. జడివానలో కూడా ఆడేది. మనం పెద్ద గొడుగు వద్దని రెండడుగుల పళ్లెం పెట్టుకున్నాం, బదులుగా క్లైమాక్స్‌లో వాన వస్తే బొమ్మ పోతుంది. ఆ ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంది. మాట పైకి పోయి కిందకి రావడానికి పావు సెకను. పక్కింట్లో కేబుల్లో సిక్సర్ అరుపు ముందు వినిపించి మీ టీవీలో తర్వాత కొట్టడంలో ఈ పావు సెకనుకీ వాటా ఉంది, మిగతాది పెట్టెలోపల లెక్కల ఆలస్యం.

జీపీఎస్ గురించి ఒక్క అపోహ తీసేసి ముగిస్తాను. మీ ఫోను ఉపగ్రహానికి ఏమీ పంపదు. వింటుంది, అంతే. 20 వేల కిలోమీటర్ల పైనుంచి ప్రతి ఉపగ్రహం తన చోటు, తన గడియారం టైము చెబుతూ ఉంటుంది, జానెడు అలల మీద. నాలుగింటి మాట వింటే ఫోను తన చోటు లెక్క కట్టుకుంటుంది. సెకనులో పది లక్షల వంతు తప్పితే 300 మీటర్లు తేడా. అందుకే పైన అణు గడియారాలు. డేటా ఖర్చయ్యేది పటం బొమ్మ దించుకోవడానికే. మన దేశపు సొంత జీపీఎస్ లాంటి నావిక్ కూడా ఇదే పద్ధతి, దాని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది.

ఇక అడగండి.

(ఒక విద్యార్థిని: సర్, మా నాన్న ఉప్పాడ నుంచి వేటకెళ్తారు. కొంత దూరం పోయాక ఫోన్ కలవదు. అప్పుడు ఏది పనిచేస్తుంది?)

మంచి ప్రశ్న అడిగావమ్మా, ఇందాకటి నుంచి నేను ఎవరో ఒకరు అడుగుతారనే చూస్తున్నాను. సెల్‌ఫోన్ సంగతి చెప్పాను కదా, టూజీ అయితే 35 కిలోమీటర్లు గడియారం పెట్టిన హద్దు. నిజానికి అంతకన్నా ముందే పోతుంది, ఫోను గొంతు చిన్నది, బోటులో కూర్చున్న మనిషి ఎత్తు చిన్నది.

హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని ఉంది, సముద్రం సమాచారం ఇచ్చే సంస్థ. వాళ్లు జెమిని అనే చిన్న పెట్టె తెచ్చారు, 2019లో. గగన్ ఉపగ్రహం నుంచి తుపాను హెచ్చరిక, అలల ఎత్తు, చేపలున్న చోటు ఆ పెట్టెకి వస్తాయి. పెట్టె నుంచి మీ నాన్న ఫోనుకి బ్లూటూత్. చూశావా, 36 వేల కిలోమీటర్లు ఒక రకం, ఆఖరి రెండడుగులు ఇంకో రకం. కాకపోతే అది వినడమే, జవాబు చెప్పలేదు. ఆపద వస్తే మీట నొక్కి ఉపగ్రహం ద్వారా కబురు పంపే డిస్ట్రెస్ ట్రాన్స్‌మిటర్ వేరే ఉంది, ఇస్రో వాళ్లది. పక్క బోటుతో మాట్లాడటానికి మాత్రం బారెడు అలే, వీహెచ్ఎఫ్. ఛానల్ 16 ఎప్పుడూ వింటూ ఉండమను, అది ఆపదకి ప్రపంచమంతా ఒప్పుకున్న ఛానల్.

బోటులో సెట్టు ఉందా? యాంటెనా ఎక్కడ కట్టారు?

(విద్యార్థిని: ఇంజను పెట్టె పక్కన సర్.)

అక్కడే ఉంది తంటా. నీటి మట్టానికి మీటరు ఎత్తున ఉంటే చూపు నాలుగు కిలోమీటర్లు. నాలుగు మీటర్ల కొయ్య మీద కడితే ఎనిమిది. ఎత్తు నాలుగింతలు, దూరం రెండింతలు. అవతలి బోటు కూడా అలాగే కడితే ఇద్దరి మధ్య పదహారు కిలోమీటర్లు. కొత్త సెట్టు కొనక్కర్లేదు. వేట నిషేధం రోజుల్లో బోట్లకి రంగులేయిస్తారు కదా, అప్పుడే కొయ్య నిలబెట్టించు. వైరు యాంటెనాకి కలిసే చోట రబ్బరు టేపు గట్టిగా చుట్టమను, పొరలు పొరలుగా, కింది నుంచి పైకి. ఉప్పునీరు లోపలికి దిగేది అక్కడే.